గుల్లలలోని వైరసులు: కోలై లెక్క చాలునా?

కర్నూలు, కడప జిల్లాలకు సముద్రము లేదు. గుల్లలనగానే మనకు స్ఫురించునది గుల్లసున్నమే గాని ఆహారము గాదు. ఐనను, వాటిలోని వైరసులను పట్టుకొను పద్ధతులను గూర్చిన వాదము మన కుళాయినీటికిని వర్తించును. కావున ఉపాధ్యాయులు, విద్యార్థులు దీనిని గమనింపదగును.

ఆల్చిప్ప గంటకు కొన్ని లీటర్ల నీటిని తన మొప్పలతో వడగట్టి ఆహారమును గ్రహించును. ఆ నీటిలో మురుగు కలిసినచో, మనుష్యుల మలమునుండి వచ్చిన నోరోవైరసు, హెపటైటిస్-ఏ వైరసు దాని జీర్ణగ్రంథిలో పోగుపడును. 1988లో చైనాలోని షాంఘై నగరమున, సరిగా ఉడకని గుల్లలు తినుటవలన సుమారు 3 లక్షలమందికి కామెర్లు సోకినవి.

ఈ ముప్పును కనిపెట్టుటకు చిరకాలముగా వాడుకలోనున్న కొలబద్ద ఇ. కోలై అను బాక్టీరియము. నేరుగా అమ్మదగిన గుల్లలకు ఐరోపా నియమములు పెట్టిన ముఖ్యమైన హద్దు 100 గ్రాముల మాంసమునకు 230. ఈ కొలబద్ద మురుగు జాడను తెలుపును, నిజమే. కాని గుల్లలను శుభ్రమైన నీటిలో ఒకటి రెండు దినములుంచినచో బాక్టీరియములు చాలవరకు వెడలిపోవును. నోరోవైరసు మాత్రము ఆల్చిప్ప జీర్ణాంగములలోని కొన్ని చక్కెర అణువులను అంటిపెట్టుకొని నిలుచును. దొంగ వెంట వచ్చిన కుక్క పోయినది గనుక దొంగయు పోయెననుకొనుట ఎట్టిదో, ఈ లెక్కను నమ్ముట అట్టిది.

మరి వైరసునే వెదకరాదా? 2017లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 15216-1 ప్రమాణము ఆ పనియే చేయును. జీర్ణగ్రంథిని 2 గ్రాములు తీసి, ఎంజైముతో కరిగించి, వైరసు ఆర్.ఎన్.ఏ.ను వేరుచేసి, డి.ఎన్.ఏ.గా మార్చి, పి.సి.ఆర్. పద్ధతిచే పెంచి లెక్కింతురు. నడుమ జరుగు నష్టమును తెలిసికొనుటకు మెంగోవైరసును ముందుగనే కలుపుదురు. పద్ధతి గొప్పదే. ఐతే రోగము కలిగింపజాలని వైరసుయొక్క ఆర్.ఎన్.ఏ.ను సైతము ఇది లెక్కించును. కోలై లెక్క ముప్పును దాచగా, ఇది కొన్నిచోట్ల ముప్పును పెంచి చూపును. కనుక రెండింటిని కలిపి చూడవలెను. అంతకుముందే మురుగును నీటికి దూరముగా ఉంచవలెను.

ఇది గుల్లల సంగతియే అనుకొనరాదు. 1955-56లో ఢిల్లీ నగరపు నీటిలో యమునగుండా మురుగు చేరెను. క్లోరిన్ మోతాదును పెంచిరి. టైఫాయిడు పెరుగలేదు, కాని సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చినవి. బాక్టీరియములు చచ్చినను వైరసు నిలిచినది. అది హెపటైటిస్-ఈ వైరసని తరువాత తేలినది.

తుంగభద్ర నీటినైనను, బోరునీటినైనను మన పాఠశాలలలో పరీక్షించి సీసాలో రంగు మారనిచో, “నీరు సురక్షితము” అని పలకపై వ్రాయుట తగదు. “ఈ పరీక్షలో బాక్టీరియములు కనబడలేదు” అని వ్రాయించుడు. అంతకుమించి ఆ పరీక్ష చెప్పజాలదు. కామెర్లు వ్యాపించిన దినములలో నీటిని మరగించి త్రాగుమని పిల్లలకు చెప్పుడు.