ఓటి కెమెరాతో ప్రయోగము

ఆడలేక మద్దెల ఓడు అనుట పాత సామెత. ఓటి మద్దెలలోనే గొప్ప నాదమున్నదనుట నేటి వేడుక. చౌకరకపు ప్లాస్టిక్ ఫిలుము కెమెరాలను విప్పి, మార్చి, వాటితో తీసిన ఛాయాచిత్రములను ‘ప్రయోగాత్మకము’లని పిలుచు ఆచారము చాల దేశములలో వ్యాపించినది. ఈ చిత్రములలో కొన్ని నిజముగా మంచివి. పెక్కింటిలో మాత్రము ప్రయోగమన్న మాటకు తగిన పని జరుగలేదు. ఈ భేదమును గుర్తించుట కళాభిమానులకే గాక, సైన్సు బోధించువారికిని అవసరము.

ఈ కెమెరాలలో మొదట పేరు పొందినది డయానా. 1960 దశకములో హాంకాంగులో తయారై అతి చౌకగా అమ్ముడుపోయినది. తరువాతిది హోల్గా. 1980 దశకపు ఆరంభమున హాంకాంగులోనే లీ టింగ్‌మో దీనిని రూపొందించెను. 2015లో దీని ఉత్పత్తి ఆగి, 2017లో తిరిగి మొదలైనది. దీనికి 60 మి.మీ. నాభ్యంతరము గల ఒకే ఒక ప్లాస్టిక్ కటకము, సుమారు సెకనులో నూరవ వంతు కాలము తెరచుకొను షట్టరు ఉండును. 120 రకపు ఫిలుము చుట్టపై 12 చదరపు చిత్రములు వచ్చును.

ఈ సాధనముతో ఏమి సాధింపవచ్చునో తెలుపుటకు రెండు ఉదాహరణలు చాలును. అమెరికాకు చెందిన నాన్సీ రెక్స్‌రాత్ 1977లో ‘అయోవా’ అను గ్రంథమును ప్రకటించెను. అందలి చిత్రములలో చాలభాగము ఒహాయోలో డయానాతో తీసినవి. పేరు మాత్రము ఆమె చిన్నతనపు జ్ఞాపకములకు చెందిన రాష్ట్రముది. జ్ఞాపకము అంచులలో మసకగా, నడుమ మాత్రమే కొంత స్పష్టముగా ఉండును గదా! కటకపు దోషము అచ్చట విషయమునకు అంగమైనది. డేవిడ్ బర్నెట్ 2000లో అల్ గోర్ ఎన్నికల ప్రచారమును హోల్గాతో చిత్రించెను. అందులో నల్లబడిన అంచులు చూపును నడుమకు లాగును. ఈ ఇద్దరును దోషమును ముందుగా ఎరిగి వాడుకొన్నవారు.

ఆ దోషములకు కారణములు మన పాఠ్యగ్రంథములలోనివే. చిత్రపు నడిమినుండి మూలకు దూరము సుమారు 40 మి.మీ. కటకమునుండి మూలకు పోవు కిరణము 33 డిగ్రీలకు మించి ఏటవాలుగా పడును. ఆ వాలు వలననే, కటకము ఎంత మంచిదైనను, మూలలకు నడిమిలో ఇంచుమించు సగము వెలుగే అందును. ఒంటి కటకము స్పష్టమైన బింబమును వంపు తలముపై ఏర్పరచును, ఫిలుము సమతలము. కనుక నడుమ తేటగా ఉన్నప్పుడు అంచు చెదరును. ఇందులో మాయ ఏమియు లేదు.

ఇక మార్పుల సంగతి. తొలి హోల్గాలలో ఎండకు, మబ్బుకు ఒక మీట ఉండెను. మీటతో కదలు రేకు రంధ్రము, దాని వెనుకనున్న స్థిరమైన రంధ్రముకంటె పెద్దది. అందువలన మీటను ఎటు తిప్పినను ఒకే వెలుగు లోనికి పోయెడిది. ఆ స్థిరరంధ్రము సుమారు 4.6 మి.మీ. ఔత్సాహికులు కదలు రేకునకు చిన్న రంధ్రము గల పలుచని బిళ్ళను అతికింతురు. బిళ్ళ రంధ్రము 3 మి.మీ. అయినచో వెలుగు సగముకంటె తగ్గును, అంచులు కొంత తేటపడును. ఇది చక్కని ప్రయోగము. ఏలయన, ఫలితమును ముందుగా లెక్కించి, పిమ్మట ఫిలుముపై సరిచూడవచ్చును.

కటకమును తీసివేసి 0.3 మి.మీ. సూదిబెజ్జమును అమర్చుట మరొక మార్పు. నాభ్యంతరమంత దూరములోనే దానిని నిలిపినచో, 4.6 మి.మీ. రంధ్రముతో పోల్చగా వెలుగు సుమారు 235 వంతులు తగ్గును. కనుక సెకనులో నూరవ వంతునకు బదులు రెండు సెకనులకు పైగా తెరచి ఉంచవలెను. దీర్ఘకాలపు వెలుగునకు ఫిలుము మందగించును గనుక ఇంకను కొంత కలుపవలసి ఉండును.

వెనుకనున్న ఎర్ర కిటికీ సంగతియు ఇట్టిదే. ఎరుపు సోకని పాత ఫిలుముల కాలమున అది క్షేమకరమైన ఏర్పాటు. నేటి ఫిలుములు ఎరుపును గ్రహించును. వెనుక కాగితము లేని 35 మి.మీ. ఫిలుమును ఇందులో ఎక్కించి, పంటిరంధ్రములపై కూడ బొమ్మ పడునట్లు చేయువారు ఆ కిటికీని నల్లపట్టీతో మూయక తప్పదు. అయితే పంటిరంధ్రములు కనబడినంత మాత్రమున చిత్రము కొత్తదగునా? మొదటి చిత్రములో అది ఆశ్చర్యము. నూరవ చిత్రములో అలంకారము. కావలెనని వెలుగు కారనిచ్చి, వచ్చినదెల్ల వరమని ప్రకటించువారి చిత్రములు ఇందుకే త్వరగా విసుగు పుట్టించును. టెలిఫోనులోని అనువర్తనము కూడ ఆ మరకలను క్షణములో అంటింపగలదు.

యాదృచ్ఛికమునకు ఛాయాచిత్రకళలో చోటు లేదని నా వాదము కాదు. దానిని గుర్తించి, మరల రప్పించి, ఎచ్చట తగునో నిర్ణయించినప్పుడే అది చిత్రకారుని సొత్తగును. ప్రయోగశాలలోను ఇంతే. ఫిలుము ఖరీదైన వస్తువు. పాఠశాలలో ఒక చుట్టకు 12 అవకాశములే. కనుక ఒక్కసారికి ఒక్క మార్పే చేయవలెను. రంధ్రము కొలత, కాలము, ఎండ తీరు పుస్తకములో వ్రాసుకొనవలెను. మార్పు చేయని కెమెరాతో అదే దృశ్యమును తీసి పక్కన పెట్టవలెను. ఆ రెండు బొమ్మలనుండి విద్యార్థి కారణమును చెప్పగలిగిననాడు ఓటి కెమెరా మంచి గురువగును. చెప్పలేనినాడు, బొమ్మ ఎంత వింతగా ఉన్నను, అందులో ప్రయోగము జరిగినదని చెప్పుటకు వీలులేదు.