హెల్మెట్ దగ్గర ఆగిన పాఠం: నిర్మాణ స్థల భద్రత బోధనపై ఒక విమర్శ

నిర్మాణ స్థలంలో భద్రత గురించి మన కళాశాలల్లో చెప్పే పాఠాలను నాలుగైదు వరుసగా చదివితే అవన్నీ ఒకే అచ్చులో పోసినట్లు కనిపిస్తాయి. మొదట ఒక నిర్వచనం ఉంటుంది. తర్వాత ప్రమాదాలకు కారణాల పట్టిక వస్తుంది. ఆ పట్టికలో 'కార్మికుల అజాగ్రత్త' పైవరుసలోనే ఉంటుంది. ఆ వెనుక హెల్మెట్, బూట్లు, చేతి తొడుగులు, నడుముకు కట్టుకొనే బెల్టు, వాటి బొమ్మలు. పరీక్షలో 'వ్యక్తిగత రక్షణ పరికరాలను వివరించండి' అన్న ప్రశ్న వస్తుంది. విద్యార్థి పట్టిక అప్పజెప్తాడు, మార్కులు పడతాయి. ఎన్నో ఏళ్లు జవాబు పత్రాలు దిద్దినవాడిగా చెబుతున్నాను, ఈ ప్రశ్నకు తప్పు జవాబు రాసినవారు అరుదు. అంత తేలికగా అందరికీ వచ్చేసే పాఠం ఏం నేర్పుతున్నదో, ఏం నేర్పడం లేదో ఈ భాగంలో పరిశీలిద్దాం. ఉదాహరణలు చీరాల పరిసరాల నుంచి తీసుకుంటున్నాను. మీది మరో ఊరైతే మీ నేలకు తగినట్లు మార్చి చదువుకోండి.

ప్రమాద నివారణకు ప్రపంచమంతటా ఒప్పుకొన్న ఒక క్రమం ఉంది. వీలైతే ప్రమాదకరమైన పనినే తప్పించాలి. కుదరకపోతే దాని స్థానంలో తక్కువ ప్రమాదమున్న పద్ధతి పెట్టాలి. అదీ కుదరకపోతే మనిషికీ ప్రమాదానికీ మధ్య గోడో, కంచో, ఆధారమో కట్టాలి. ఆ తర్వాతి మెట్టు పని వేళలు, శిక్షణ, హెచ్చరికలు. ఒంటిమీద వేసుకొనే పరికరాలు ఈ వరుసలో చిట్టచివరివి. పైవన్నీ చేసినా మిగిలిపోయే ప్రమాదానికి అవి పనికివస్తాయి. రెండో అంతస్తు నుంచి ఇటుక ముక్క జారిపడితే హెల్మెట్ ప్రాణం నిలుపుతుంది, అందులో సందేహం లేదు. అయితే మన పాఠం చివరి మెట్టును మొదటి మెట్టుగా, చాలాసార్లు ఏకైక మెట్టుగా చూపిస్తున్నది. పై నాలుగు మెట్లూ యజమాని, ఇంజనీరు, గుత్తేదారు చేయవలసినవి. చివరిది మాత్రమే కూలీ తలమీద ఉంటుంది. పాఠం ఆ ఒక్కదాన్నే పట్టుకొన్నప్పుడు బాధ్యత కూడా చెప్పకుండానే కూలీ తలమీదికి చేరిపోతుంది.

2014 జూన్ 28, శనివారం సాయంత్రం చెన్నై శివారు మౌలివాక్కంలో నిర్మాణంలో ఉన్న పదకొండు అంతస్తుల భవనం వానలో కుప్పకూలింది. 61 మంది మరణించారు. వారిలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పనికోసం వెళ్లిన మనవాళ్లు. తొలి రోజుల్లో పిడుగు పడిందన్న మాట కూడా వినిపించింది. పక్కనే ఉన్న రెండో భవనాన్ని 2016 నవంబరులో పేలుడు పదార్థాలతో కూల్చివేశారు. ఈ ఘటనను మన పాఠంలోని పట్టిక పక్కన పెట్టి చూడండి. హెల్మెట్, బూట్లు, తొడుగులు, బెల్టు: ఆ సాయంత్రం వీటిలో ఏది ఎవరిని కాపాడగలిగేది? భవనం నేలలోకి దిగబడుతుంటే అందులో పనిచేసేవాడి జాగ్రత్తకు చోటెక్కడుంది?

అంత పెద్ద భవనాలు మన ఊళ్లో లేవు కదా అని మీరు అనవచ్చు. కాబట్టి చిన్న పనికే వద్దాం. చీరాల నుంచి సముద్రం వైపు, ఓడరేవు దారిలో ఇసుక నేల. పర్చూరు వైపు వెళ్తే నల్లరేగడి. ఇసుకలో మరుగుదొడ్డి గుంటకో, నూతికో, పైపుల కాలువకో ఆరేడు అడుగులు తవ్వడం ఇక్కడ నిత్యం జరిగే పని. తడిగా ఉన్న ఇసుక కొంతసేపు నిలువుగా నిలబడుతుంది. రేణువుల మధ్య ఉండే కొద్దిపాటి తేమ వాటిని పట్టి ఉంచుతుంది. పొద్దున తవ్విన గోడ అలా నిలబడి ఉండటం చూసి నేల గట్టిదే అనుకుంటారు. ఎండెక్కి తేమ ఆరినా, అడుగు నుంచి నీరు ఊరినా, పక్కన ఒక ట్రాక్టరు వెళ్లినా ఆ పట్టు పోతుంది. ఒక ఘనమీటరు తడి ఇసుక దాదాపు రెండు టన్నుల బరువు. ఛాతీ వరకు కప్పబడితే మనిషి ఊపిరి తీసుకోలేడు. పైనున్నవారు చేతులు పట్టి లాగినా బయటికి రాడు. తల పైకి కనిపిస్తూనే ప్రాణం పోవచ్చు. ఇందులో హెల్మెట్ చేసే సాయం ఏమీ లేదు.

మరి ఇసుకలో ఎలా తవ్వాలి? దీనికి జవాబు చీరాల, బాపట్ల తీరంలో పాఠ్యపుస్తకాలకంటే ముందే ఉంది. ఇక్కడి రైతులు తోటల నీటికోసం తవ్వుకొనే దొరువును చూడండి. దాని గట్లు నిలువుగా ఉండవు. మనిషి నడిచి దిగేటంత వాలుగా ఉంటాయి. పొడి ఇసుక తనంతట తాను 30 నుంచి 35 డిగ్రీల వాలులో నిలుస్తుంది. అంతకంటే నిటారుగా ఉంచితే ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది. దొరువు తవ్వినవాడికి డిగ్రీల లెక్క తెలియకపోవచ్చు, వాలు తెలుసు. రెండు మీటర్ల లోతుకు ఆ లెక్కన ప్రతి పక్కా మూడు మీటర్లకు పైగా జాగా కావాలి. తోటలో అది దొరుకుతుంది. ఇళ్లు గోడకు గోడ ఆనుకొని ఉండే నేతపేటల్లో దొరకదు.

అక్కడ పనికివచ్చేది రెండో పద్ధతి, సిమెంటు వరలు దింపడం. కొన్ని ఊళ్లలో ఒరలు అంటారు. ముందు వరను నేలమీద పెట్టి, లోపల కూర్చొని, దాని అంచు కింది ఇసుక కొద్దికొద్దిగా తీస్తారు. వర తన బరువుకు తానే దిగుతుంది. దానిమీద ఇంకొకటి పెడతారు. తవ్వేవాడి చుట్టూ ప్రతి క్షణం గోడ ఉంటుంది. ఆధారం లేని ఇసుక గోడ పక్కన అతడు నిలబడవలసిన అవసరమే రాదు. పెద్ద నదుల మీది వంతెనలకు వేసే బావి పునాదుల సూత్రం కూడా ఇదే. అయితే ఈ పద్ధతిని తలకిందులు చేయడం కూడా ఉంది. పని తొందరగా అవుతుందని యంత్రంతో పూర్తి లోతు ముందే తవ్వించి, తర్వాత వరలు పేర్చడానికి మనిషిని దింపుతారు. అవే వరలు, అదే గుంట. క్రమం మారేసరికి రక్షణ మాయమైంది. భద్రత అంటే వస్తువుల జాబితా అని నేర్చుకొన్న విద్యార్థికి ఈ రెండింటి తేడా కనిపించదు. దొరువు, వర ఉదాహరణలతో మొదలయ్యే భద్రతా పాఠం నాకు ఇంతవరకు ఎదురుకాలేదు. తన ఊరి మనిషికి తెలిసిన విద్యను పాఠంలో చూడని విద్యార్థి, భద్రత అనేది ఎక్కడినుంచో వచ్చిన సామాను అనుకోవడంలో వింత లేదు.

పాఠ్యగ్రంథం అనని ఒక రచనను ఇక్కడ మెచ్చుకోవాలి. అది కేంద్ర ప్రజా పనుల శాఖ గుత్త ఒప్పందాలకు జతచేసే భద్రతా నియమావళి. కొద్ది పేజీలే, అలంకారమేమీ లేదు. కానీ ప్రతి వాక్యంలో కొలత ఉంటుంది. ఒకటిన్నర మీటరు, అంతకు మించిన లోతున్న కాలువల గోడలను వాలుగా కొట్టాలి లేదా చెక్కలతో బిగించాలి. తవ్విన మట్టిని అంచుకు ఒకటిన్నర మీటరు లేదా లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో వేయాలి. నిచ్చెన వాలు అడ్డంగా ఒకటికి నిలువుగా నాలుగును మించి నిటారు కాకూడదు. నేలకు 3.6 మీటర్లు దాటిన పరంజాకు కనీసం 90 సెంటీమీటర్ల ఎత్తు కమ్మీ ఉండాలి. ఈ వాక్యాలను మన పాఠంలో కనిపించే 'తగు జాగ్రత్తలు తీసుకోవాలి' అన్న వాక్యంతో పోల్చండి. మొదటివి పాటించారో లేదో టేపు పట్టి చెప్పవచ్చు. రెండోదాన్ని ఎవరూ ఉల్లంఘించలేరు, ఎందుకంటే అందులో చెప్పిందేమీ లేదు. ఈ నియమావళికి లోపం లేదని అనను. అందులో ఎంత అన్నది ఉంది గాని ఎందుకన్నది లేదు. తవ్విన మట్టిని అంచునే పోస్తే ఆ బరువు గోడను లోపలికి నెడుతుందని చెప్పవలసింది ఉపాధ్యాయుడు. ఇసుక నేలకు ఒకటిన్నర మీటరు గీతను నమ్ముకోరాదనీ అతడే చెప్పాలి. వంగి పనిచేసేవాడి తల నాలుగడుగుల గోతిలోనే అంచుకు కిందకు పోతుంది.

భాష విషయం కూడా కొంత చూడాలి. వార్తల్లో తరచు కనిపించే రెండు వాక్యాలున్నాయి: 'ప్రమాదవశాత్తు కాలుజారి పడి కూలీ మృతి', 'మట్టిపెళ్లలు విరిగిపడి ఇద్దరు మృతి'. మొదటి దానిలో జారినది కాలు. రెండో దానిలో విరిగినది మట్టి. కమ్మీ లేని పరంజా కట్టించినవారు, ఆధారం లేని గోతిలోకి దింపినవారు ఆ వాక్యాల్లో లేరు. పాఠంలోని 'అజాగ్రత్త' అన్న మాట కూడా ఈ కుదురు నుంచే వచ్చింది. సాహిత్య విమర్శలో కర్త ఎవరని అడగడం మీకు నేర్పాం. ఇక్కడా అదే అడగండి.

చట్టం పాఠానికి సంబంధించి ఒక్క మాట. 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టాన్ని విద్యార్థులు సెక్షన్లతో సహా కంఠస్థం చేస్తారు. అది పదిమంది లేదా అంతకు మించి కార్మికులున్న పనులకు వర్తించేది. సొంత నివాసానికి కట్టుకొనే ఇల్లు పది లక్షల రూపాయల ఖర్చు దాటకపోతే దాని పరిధిలోకి వచ్చేది కాదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఈ చట్టాన్ని తనలో కలుపుకొన్నది. పదిమంది అన్న గీత మాత్రం నిలిచింది. ఒక మేస్త్రీ, ఇద్దరు తాపీవాళ్లు, నలుగురు కూలీలతో లేచే ఇల్లు ఆ గీతకు ఇవతలే ఉండిపోతుంది. మన వీధుల్లో లేచే ఇళ్లలో ఎక్కువ భాగం అలాంటివే. కళాశాలలో చెప్పే చట్టం పెద్ద కంపెనీ పనిస్థలం గురించి మాట్లాడుతుంటే, విద్యార్థి ఇంటి పక్క గోతికి ఏ పర్యవేక్షకుడూ రాడు. అక్కడ అడగగలిగినవాడు ఆ ఇంటివాడు, ఆ మేస్త్రీ, లేదా ఈ పాఠం చదివిన మీరు. దూరవిద్యలో చదివేవారిలో పగలు పనికి వెళ్లేవారున్నారు, సొంత ఇల్లు కట్టించుకొనేవారున్నారు. వచ్చే నెలలో గుంట తవ్వించేది మీరే కావచ్చు. ఈ పాఠం మీకు అక్కరకు రావలసింది ఆ రోజున.

అభ్యాసం: మీ ఇంటికి దగ్గరలో జరుగుతున్న ఒక కట్టుబడికి వెళ్లండి. తవ్విన మట్టి అంచుకు ఎంత దూరంలో పోశారు? గోడలు వాలుగా ఉన్నాయా, నిలువుగానా? నిలువైతే వాటికి ఆధారమేది? సరుగుడు కర్రల పరంజాకు కమ్మీ ఉందా, వాన తర్వాత దాని కట్లు ఎవరు చూశారు? ఈ ప్రశ్నలకు జవాబులు రాసి సంపర్క తరగతికి తీసుకురండి. హెల్మెట్లు లెక్కపెట్టవలసిన పనిలేదు. గోతిలోకి దిగవద్దు, అంచున నిలబడి తొంగిచూడవద్దు. లోతు ఎంతో తవ్వినవారినే అడగండి. వారు అడుగుల్లో చెబుతారు. ఐదడుగులు అంటే ఒకటిన్నర మీటరు.