పది రోజుల పెళ్లిచూపులు

చిప్పు ఉద్యోగం అనగానే మనవాళ్లకు అమీర్‌పేట గుర్తొస్తుంది. వీఎల్‌ఎస్‌ఐ కోర్సు, ల్యాప్‌టాప్, ఏసీ గది. చిప్పును గీసేవాళ్ల గురించి మనకు తెలిసినంతగా, దాన్ని తయారుచేసే యంత్రం పక్కన 12 గంటల షిఫ్టు నిలబడేవాళ్ల గురించి తెలియదు. వాళ్లకు ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. కానీ వాళ్లు లేకపోతే వేల కోట్ల యంత్రాలు ఊరికే పడివుంటాయి. అలాంటి టెక్నీషియన్లను తయారుచేయడానికి అమెరికాలో, అరిజోనాలోని ఫీనిక్స్ చుట్టుపక్కల, రెండు దారులు వేశారు. రెండూ ఒకే కమ్యూనిటీ కాలేజీల గుమ్మం మీదుగానే వెళ్తాయి. పోలిక దాదాపు అక్కడితో సరి.

మొదటిది క్విక్ స్టార్ట్. ఇంటెల్‌తో కలిసి మారికోపా కమ్యూనిటీ కాలేజీలు 2022 జులైలో మొదలుపెట్టాయి. 10 రోజులు, రోజుకు 4 గంటలు, మొత్తం 40 గంటలు. మొదలైనప్పుడు ఆ రాష్ట్రం వాళ్లకు ఫీజు 270 డాలర్లు. కోర్సు పూర్తిచేసి పరీక్ష పాసైతే ఆ సొమ్ము స్టైపెండ్‌గా తిరిగొచ్చేది. రెండోది తైవాన్ కంపెనీ టీఎస్‌ఎంసీ తన ఫీనిక్స్ ఫ్యాబ్ (చిప్పులు తయారుచేసే ప్లాంటు) కోసం తెచ్చిన అప్రెంటిస్‌షిప్. నీళ్లు, గ్యాసు, గాలి, కరెంటు చూసుకునే ఫెసిలిటీస్ టెక్నీషియన్లతో అది మొదలైంది. పాఠాలు మారికోపా కాలేజీల్లోనే ఒకటైన ఎస్ట్రెల్లా మౌంటెన్‌లో, పని ఫ్యాబ్‌లో. అమెరికాలో ప్రభుత్వం దగ్గర నమోదైన అప్రెంటిస్‌షిప్ గంటల లెక్కన నడిస్తే కనీసం 2,000 గంటలు పనిచేస్తూ నేర్చుకోవాలి. పని వస్తున్నకొద్దీ జీతం కూడా పెరగాలి.

40 ఎక్కడ, 2,000 ఎక్కడ అని మొదటిదాన్ని కొట్టిపారేయడం తేలిక. నేనా పని చేయను. ఆ 40 గంటల్లో నేర్పేవాటికి విలువ ఉంది. క్లీన్ రూమ్‌లోకి వెళ్లేముందు వేసుకునే బన్నీ సూట్‌నే చూడండి. ముందు తల ముసుగు, తర్వాత ఒంటి తొడుగు, ఆ తర్వాత బూట్లు. పైనుంచి కిందికే రావాలి, ఎందుకంటే దుమ్ము పైనుంచే రాలుతుంది. లోపల చెక్కే గీతలు నానోమీటర్లలో ఉంటాయి. మన వెంట్రుక మందమే దాదాపు 70,000 నానోమీటర్లు. మొహానికి పౌడరు రాసుకుని వెళ్లకూడదు (ఈ నిబంధన మా అమ్మకు చెబితే ఆ ఉద్యోగమే వద్దంటుంది). ఒళ్లంతా మూసుకుని, దురద పుడితే గోక్కోకుండా, షిఫ్టంతా ఉండగలనా లేదా అన్నది మనిషికి 10 రోజుల్లో తెలిసిపోతుంది. రెస్టారెంట్లోనో గోడౌన్లోనో పనిచేస్తూ, చిప్పు అంటే ఏమిటో తెలియని మనిషికి అది చిన్న విషయం కాదు. దీన్ని పెళ్లిచూపులు అనుకుంటే ఏ పేచీ లేదు. అబ్బాయి అమ్మాయిని చూశాడు, అమ్మాయి అబ్బాయిని చూసింది, కాఫీ తాగారు. పేచీ వచ్చింది శుభలేఖలు కూడా అప్పుడే అచ్చువేయించడం వల్ల.

అసలు పని ఈ చూపుల్లో కనిపించదు. 300 మిల్లీమీటర్ల వేఫర్లు (చిప్పులు చెక్కే సిలికాన్ పలకలు) నడిచే ఫ్యాబ్‌లో టెక్నీషియన్ చెయ్యి వేఫర్‌ను తాకదు. మూసిన పెట్టెలో పాతికేసి, పైకప్పుకున్న పట్టాల మీద, వాటంతట అవే తిరుగుతుంటాయి. మనిషి పని యంత్రాన్ని బతికించుకోవడం. గీతలు చెక్కే ఎచ్ చాంబర్ విప్పాలి, లోపలి మడ్డి తుడవాలి, అరిగిన భాగం మార్చాలి, మళ్లీ వ్యాక్యూమ్ ఎక్కించి ఎక్కడైనా లీకు ఉందేమో చూడాలి, పరీక్ష వేఫర్ నడిపి, సరేననిపించాకే ఉత్పత్తికి అప్పగించాలి. కొన్ని విభాగాల్లో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది. చర్మం మీద పడ్డ వెంటనే మంట తెలియకపోవచ్చు. నెమ్మదిగా లోపలికి దిగి ఎముకలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది. అందుకే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే దూరంలో పెట్టుకుంటారు. ఇవన్నీ బోర్డు మీద చెప్పొచ్చు. చేతికి అలవాటు కావాలంటే మాత్రం సీనియర్ పక్కన నెలల తరబడి నిలబడాలి.

అయితే ఈ రెంటికీ నడుమ అసలు తేడా గంటల్లో లేదు, జీతం ఎప్పుడు మొదలవుతుందన్న దాంట్లో ఉంది. అప్రెంటిస్ మొదటిరోజే కంపెనీ మనిషి. ఫ్యాబ్ ఆలస్యమైతే ఆ నష్టం కంపెనీ ఖాతాలో పడుతుంది, కాబట్టి అవసరమైనంత మందినే తీసుకుంటుంది. క్విక్ స్టార్ట్ విద్యార్థికి 11వ రోజున చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది, ఆఫర్ లెటర్ ఉండాలని లేదు. ఫ్యాబ్ ఆలస్యమైతే ఎదురుచూపు ఖర్చు అతనిదే. ఫీజు వెనక్కిచ్చినంత మాత్రాన ఆ లెక్క సరికాదు.

ఆలస్యమూ జరిగింది. ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో ఇంటెల్ 2021 సెప్టెంబరులో రెండు ఫ్యాబ్‌లకు శంకుస్థాపన చేసి, 2024లో నడుపుతామంది. వాటిలో ఒకటైన ఫ్యాబ్ 52 పూర్తిగా పనిలోకి వచ్చిందని ప్రకటించేసరికి 2025 అక్టోబరు. మధ్యలో 2024 ఆగస్టులో అదే కంపెనీ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 15,000 మందిని తగ్గిస్తామని చెప్పింది. బ్యాచ్ రెండు వారాల్లో బయటికి వస్తుంది, ఫ్యాబ్‌కు మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు ఊరికే అన్నారా?

దీనికి జవాబుగా కార్మికుల కొరత మాట వినిపిస్తుంది. 2023 జులైలో టీఎస్‌ఎంసీ తన మొదటి అరిజోనా ఫ్యాబ్‌ను 2025కు వాయిదా వేస్తూ, నిపుణులైన పనివాళ్లు చాలడం లేదనే చెప్పింది. కానీ ఆ మాట యంత్రాలను బిగించి నిలబెట్టే అనుభవజ్ఞుల గురించి. 40 గంటలు చదివినవాడు ఆ ఖాళీలో ఇమడడు. ఒక కొరతను చూపించి మరో కోర్సు అమ్మడం అమెరికాలోనే కాదు, మన అమీర్‌పేట గోడల మీదా కనిపిస్తుంది.

అప్రెంటిస్‌షిప్‌లోనూ లోటు ఉంది. సీట్లు బహు కొద్ది. ఒక కంపెనీ పద్ధతికి అలవాటుపడ్డ చెయ్యి ఇంకో కంపెనీలో ఎంతవరకు చెల్లుతుందో అన్న బెంగా ఉంటుంది. పెద్ద ద్వారం కావాలంటే క్విక్ స్టార్టే. ఆ ద్వారానికి అవతల గది ఉందా అన్నదే నా గొడవ.

ఇదంతా మనకెందుకంటారేమో. 2025 ఆగస్టు 12న కేంద్రం ఆమోదించిన నాలుగు సెమీకండక్టర్ ప్రాజెక్టుల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది, ఏఎస్‌ఐపీ టెక్నాలజీస్‌ది. అది ఫ్యాబ్ కాదు, చిప్పుల ప్యాకేజింగ్ యూనిట్. పని వేరు, యంత్రాలు వేరు. ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలకు అక్కడ చోటుంటుంది. ప్లాంటుకన్నా ముందు లేచేవి ఎలాగూ శిక్షణ కోర్సుల ఫ్లెక్సీలే. కోర్సు ఎన్ని రోజులో వాటిమీద పెద్దక్షరాల్లో ఉంటుంది. జీతం ఎన్నో రోజునుంచో ఏ మూలనైనా రాశారా అని నేను వెతుకుతాను.