తట్ట ఎప్పుడు ఎత్తొచ్చు?

ఇరవై ఏళ్ళ కింద నేనొక కథ రాశాను. పాలమూరు నుంచి పూణెకి మట్టి పనికి వలసపోయిన ఒక స్త్రీ కథ. ముప్పై ఒక్క ఏళ్ళకే ఆమె గర్భసంచి తీసేస్తారు. ఆస్పత్రి మంచమ్మీద ఆమె గోడవైపు తిరిగి ఏడుస్తుంటే కథ అయిపోతుంది. అప్పట్లో దానికి మంచి ఉత్తరాలొచ్చాయి. ఒక సంకలనంలో కూడా వేసుకున్నారు. ఆ కథలోని స్త్రీ మా చిన్నమ్మ.

చిన్నమ్మకి చదువు రాదు. కథ అచ్చయిన చాలా రోజులకి, ఒక పెళ్ళిలో కలిసినప్పుడు, తనే అడిగి చదివించుకుంది. అంతా విని, కాసేపాగి అంది: "నన్నెందుకు ఏడ్పిచ్చినవ్ బిడ్డా? ఆడ నేను ఏడ్వలే. డాక్టరమ్మను అడిగిన, సంచి తీస్తే ఎన్ని దినాలకు తట్ట ఎత్తొచ్చని."

"ఏమన్నది?"

"రెస్టు తీస్కొమ్మన్నది. రెస్టు ఎవరిస్తరు? మేస్త్రి ఇస్తడా?"

ఆ ప్రశ్న నా కథలో లేదు. ఆపరేషన్ గురించి చిన్నమ్మ నాకు చెప్పిన రోజున ఈ మాట కూడా చెప్పే ఉంటుంది. నేనే విని ఉండను. నాకు కావలసింది కన్నీళ్ళు. తట్ట లెక్క కథకి పనికొచ్చే సంగతని అప్పుడు నాకు తోచలేదు. ఇన్నేళ్ళు ఇతరుల కథల్లో స్త్రీ పాత్ర ఎక్కడ మాట్లాడింది, ఎక్కడ రచయిత ఆమె నోరు నొక్కేశారు అని వెతుకుతూ వ్యాసాలు రాసిన నేను, నా సొంత కథ దగ్గర ఆ పని చెయ్యలేదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, ఆ మధ్య ఒక సదస్సుకి వెళ్ళాను. 'వలస స్త్రీల ఆరోగ్యం, విధానాలు' అని విషయం. ఒక సెషన్‌కి నేను అధ్యక్షురాలిని. ఐదుగురం వేదిక మీద ఉన్నాం. వలస పోయిన స్త్రీ ఒక్కరూ లేరు. ఒక వక్త మహారాష్ట్రలోని బీడ్ జిల్లా గురించి చక్కగా మాట్లాడింది. అందరం బాధపడ్డాం. భోజనాలకి లేచాం. ఇంటికొచ్చాక బీడ్ గురించి అచ్చయినవన్నీ ముందేసుకుని, ఒక కథని చదివినట్టు చదవడం మొదలుపెట్టాను. ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరి గురించి? ఏ ప్రశ్న అడిగారు, ఏది వదిలేశారు?

బీడ్ కరువు జిల్లా. అక్టోబరు, నవంబరు నెలల్లో అక్కడి ఊళ్ళు సగం ఖాళీ అవుతాయి. పశ్చిమ మహారాష్ట్రకీ, కర్ణాటకకీ చెరుకు కొట్టడానికి పోతారు. మళ్ళీ ఎండాకాలం వస్తేగానీ తిరిగి రారు. ముకాదం అనే దళారీ ముందే బయానా ఇస్తాడు. మన పాలమూరు గుంపు మేస్త్రి ఎట్లాగో అక్కడ ముకాదం అట్లా. భార్యాభర్తల్ని కలిపి ఒక లెక్కగా మాట్లాడుకుంటారు. ఆ లెక్కని 'కోయ్తా' అంటారు. కోయ్తా అంటే కొడవలి.

నన్ను ఈ మాట దగ్గర ఆపేసింది నా తెలుగు పాఠాల అలవాటే. ఇద్దరు మనుషులు, ఒక పనిముట్టు పేరు. ఆ పేరులో స్త్రీ విడిగా లేదు కాబట్టి ఆమె కూలీ విడిగా లేదు, బయానా ఆమె చేతికి రాదు, ఆమె జబ్బు కూడా విడిగా లెక్కకి రాదు. ఆమె ఒక్కరోజు పడుకుంటే కోయ్తా మొత్తం పనికి రానట్టే. దానికి జరిమానా. ఆ జరిమానాని 'ఖాడా' అంటారు. పొలాల పక్కన గుడిసెల్లో మరుగుదొడ్డి ఉండదు, నీళ్ళుండవు. నెలసరి రోజుల్లోనూ మోపు మొయ్యాలి. ఇన్ఫెక్షన్లు వస్తాయి, తెల్లబట్ట అవుతుంది, నడుం నొప్పి. ఊరికి తిరిగొచ్చాక ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్తే, సంచి పాడైంది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుందంటారు. బయానా అప్పు మీద ఆపరేషన్ అప్పు చేరుతుంది. అప్పు తీర్చడానికి మళ్ళీ చెరుకు పొలం.

2019లో ఈ సంగతి పత్రికలకెక్కింది. మహారాష్ట్ర ప్రభుత్వం నీలమ్ గోర్హే అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. బీడ్‌లో చెరుకు కొట్టే 82,309 మంది స్త్రీలని సర్వే చేస్తే 13,861 మందికి గర్భసంచి తీసేసినట్టు తేలింది. దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరికి. ఆ అంకె బయటికి రాకపోతే ఈ వ్యాసమూ ఉండేది కాదు. లెక్క తీసినవాళ్ళని నేను తక్కువ చెయ్యడం లేదు.

కానీ ఆ అంకె తర్వాత ఏం జరిగిందో చూడండి. ప్రైవేటు ఆస్పత్రిలో గర్భసంచి తీయాలంటే జిల్లా సివిల్ సర్జన్ అనుమతి కావాలన్నారు. వలస పోయే ముందూ, వచ్చాకా వైద్య పరీక్షలు చెయ్యాలన్నారు. 2023 ఏప్రిల్‌లో, బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌ల గురించి వచ్చిన వేరే కేసులో, కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలని మూడు నెలల్లో అమలు చెయ్యమని సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. అన్నీ అవసరమైనవే. అయితే అన్నీ ఆస్పత్రి గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. సంచి తీయాలా వద్దా అన్న నిర్ణయం ఒక డాక్టరు చేతిలోంచి ఇంకో డాక్టరు చేతిలోకి వెళ్ళింది. ఆమె చేతికి రాలేదు. ఖాడాని అట్లాగే ఉంచి, అనుమతి కాగితం ఒకటే అడిగితే, నొప్పితో మోపు మొయ్యడం తప్ప ఆమెకి ఇంకేం మిగులుతుంది? కొందరు స్త్రీలు ఆ ఆపరేషన్‌ని తామే కోరుకున్నారని కూడా రాశారు. అక్కడ మన ఫెమినిస్టు పదకోశం ఇబ్బంది పడుతుంది. 'ఎంపిక' అని రాయాలా, 'బలవంతం' అని రాయాలా? చిన్నమ్మని అడిగితే రెండూ కాదంటుంది. అది లెక్క అంటుంది. నెలకి ఎన్ని రోజులు పోతున్నాయి, తీయించుకుంటే ఎన్ని రోజులు పోతాయి అన్న లెక్క. ఆ లెక్కలో సగం సమాచారం ఆమెకి ఎవరూ ఇవ్వలేదు. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు ఏమవుతాయో, ఒంట్లో ఆవిర్లు ఎందుకొస్తాయో చెప్పలేదు. మిగతా సగం ఆమె దగ్గరుంది. దాన్ని ఎవరూ అడగలేదు.

ఇది మరాఠీ వాళ్ళ సంగతి అనుకోవడానికి లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తమ్మీద నూటికి 3.2. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. వీళ్ళందరూ వలస పోయినవాళ్ళేం కాదు. కానీ వలస పోయినవాళ్ళు ఇందులో ఎంతమందో చెప్పే గడి ఆ పట్టికలో లేదు. పట్టికలో గడి లేకపోతే విధానంలో వాక్యం ఉండదు.

మనకి ఈ విషయంలో ఒక మంచి వారసత్వం ఉంది. 1990ల మొదట్లో హైదరాబాదులో స్త్రీలు కలిసి 'సవాలక్ష సందేహాలు' పుస్తకం తెచ్చారు. స్త్రీల ఆరోగ్యం గురించి స్త్రీలకి వచ్చే సందేహాల దగ్గర మొదలైన పుస్తకం అది. ఆ పేరులోనే ఒక విధానం ఉందనిపిస్తుంది నాకు. ముందు సందేహం, తర్వాత వైద్యం. ఇప్పటి సర్వే పత్రాలు తిరగబడి నడుస్తాయి. సందేహాలు మనవి, జవాబులు వాళ్ళవి. ఆ జవాబు మన నాలుగు గళ్ళలో ఇమడకపోతే 'ఇతరములు'.

1978లో ఆల్మా-ఆటా ప్రకటన, తమ ఆరోగ్య సేవల రూపకల్పనలో, అమలులో పాల్గొనడం ప్రజల హక్కూ, బాధ్యతా అని చెప్పింది. మన దగ్గర దానికి కాగితం మీద చోటు కూడా ఉంది. గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ఊళ్ళో ఆరోగ్య, పారిశుధ్య కమిటీలు. 2013లో పట్టణ ఆరోగ్య మిషన్ వచ్చాక బస్తీల్లో మహిళా ఆరోగ్య సమితులు. ఊరి కమిటీ కూర్చునే నాటికి చిన్నమ్మ పూణెలో ఉంటుంది. పూణె బస్తీ సమితి కూర్చునే నాటికి ఆమె ఆ బస్తీ మనిషి కాదు, పని అయిపోతే ఇంకో చోటికి గుడారం మారుతుంది. రెండు చోట్లా ఆమె పేరు లేదు. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఉచిత వైద్య సదుపాయాన్ని కాంట్రాక్టరు బాధ్యత చేసింది. దాన్ని 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో కలిపేశారు. ఇన్నేళ్ళలో చిన్నమ్మ ఆ చట్టం పేరు వినలేదు.

బీడ్‌లోనే ఇంకొక ప్రయత్నం జరిగింది. చెరుకు కొట్టే స్త్రీలలోంచే కొందరికి తర్ఫీదిచ్చి, మందుల పెట్టె ఇచ్చి, 'ఆరోగ్య సఖులు'గా గుంపులతో పాటు పంపారు. నాకు నచ్చింది. తమ మనిషి, తమ భాష, తమ గుడిసె పక్కన. కానీ అడగవలసిన ప్రశ్న మిగిలే ఉంది. నొప్పికి మాత్ర ఇచ్చే సఖికి, ఖాడా ఎంత అని తేల్చే చోట కుర్చీ ఉందా? లేకపోతే ఆమె కూడా మన సేవల జాబితాలో ఇంకొక జీతం లేని ఆడమనిషి అవుతుంది. భాగస్వామ్యం అనే మాటని మనం చాలా తేలిగ్గా వాడేస్తున్నాం. మందుల పెట్టె మొయ్యడమూ భాగస్వామ్యమే, నిర్ణయం చెయ్యడమూ భాగస్వామ్యమేనా?

చిన్నమ్మ ప్రశ్ననే సర్వే పత్రంలో మొదటి ప్రశ్నగా పెట్టామనుకోండి. ఆపరేషన్ తర్వాత ఎన్ని రోజులు తట్ట ఎత్తకూడదు? ఆ రోజుల కూలీ ఎవరిస్తారు? వెంటనే డాక్టరు ఒక్కరే జవాబు చెప్పలేని పరిస్థితి వస్తుంది. కార్మిక శాఖ రావాలి, మేస్త్రి రావాలి, కట్టించుకునే కంపెనీ రావాలి. భవన నిర్మాణ కార్మికుల కోసం సెస్సు వసూలు చేస్తున్నారు కదా, అందులోంచి ఆ రోజుల కూలీ ఎందుకివ్వకూడదు అన్న మాట వస్తుంది. ఆపరేషన్ అసలు అవసరమా అన్నది కూడా ఆమె అప్పుడు నిమ్మళంగా ఆలోచించుకోగలదు. ఆస్పత్రి గుమ్మం దగ్గర ఆగిపోయిన విధానం పని దగ్గరిదాకా నడవాలంటే ఆ ఒక్క ప్రశ్న చాలు. అట్లాంటి ప్రశ్నలు ఎన్నున్నాయో మనకి తెలీదు. అవి వాళ్ళ దగ్గరున్నాయి.

సాహిత్యంలో ఉన్న మనకి ఇందులో పనేమిటి అనొచ్చు. వలస స్త్రీని ఏడిపించడం వాళ్ళకి మనమే నేర్పామేమోనని నా అనుమానం. నివేదికలు రాసేవాళ్ళు మన కథలు చదివి పెరిగినవాళ్ళే. బాధితురాలిగా ఆమెని నిలబెట్టడం వచ్చు మనకి. లెక్క అడిగే మనిషిగా ఆమెని కూర్చోబెట్టడం రాలేదు. కథ బాగుందా లేదా అనేముందు, ఇందులో ఆమె ఏం అడిగింది అని చూడడం మొదలుపెడదాం. నా కథతోనే మొదలుపెట్టండి. ఆ చూపుతో చూస్తే అది నిలబడదు.

ఆ సదస్సు వాళ్ళు ఈ ఏడు కూడా పిలిచారు. నా బదులు చిన్నమ్మని పంపిస్తానన్నాను. ఆమె ఇప్పుడు పూణె పోవడం లేదు. ఊళ్ళోనే పత్తి ఏరడానికి పోతోంది. ఫోన్ చేసి అడిగితే, "వస్త గని, ఆ రెండు దినాల కూలి ఎవరిస్తరు?" అంది. అదే మాట నిర్వాహకులకి రాశాను. నాకైతే విమానం టికెట్టూ, హోటలు గదీ ఇస్తామన్నారు. కూలీ అన్న పద్దు వాళ్ళ బడ్జెట్‌లో లేదట, కనుక్కుని చెప్తామన్నారు. నేనింకా ఎదురుచూస్తున్నాను.