హోప్ రోడ్డు మేడ, ఫస్ట్ స్ట్రీట్ వాకిలి

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో రెగే గాయకుడు బాబ్ మార్లే పేరు చెప్పి చూపించే ఇళ్లు రెండున్నాయి. ఒకటి 56, హోప్ రోడ్డు. రెండోది ట్రెంచ్ టౌన్ పేటలో, లోయర్ ఫస్ట్ స్ట్రీట్‌లో ఉన్న కల్చర్ యార్డ్. రెంటికీ మధ్య పది కిలోమీటర్లు కూడా ఉండదు. ఒక రోజుకు కారు మాట్లాడుకుని రెండూ చూశాను. డ్రైవరే గైడు. పొద్దున హోప్ రోడ్డు, మధ్యాహ్నం డెవన్ హౌస్ దగ్గర ఐస్‌క్రీం, ఎండ తగ్గాక ట్రెంచ్ టౌన్. టూరు వాళ్లిచ్చిన కాగితంలో మొదటి ఇంటికి రెండు గంటలు కేటాయించారు, రెండో ఇంటికి నలభై నిమిషాలు. ఆ వరస తప్పు, ఆ లెక్కా తప్పు. సంగీతాన్ని ప్రేమించి అంత దూరం వెళ్లేవాళ్లకు అది అన్యాయం చేస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు క్రూజ్ ఓడ ఎక్కి జమైకా వెళ్తే దిగేది మాంటెగో బేలోనో, ఆచో రియోస్‌లోనో, ఫాల్మత్‌లోనో. అక్కడ సముద్రం బాగుంటుంది, కాదనను. కానీ స్కా, రాక్‌స్టెడీ, రెగే సంగీత రీతులు పుట్టింది కింగ్‌స్టన్ పేటల్లో. 2015లో యునెస్కో ఈ ఊరిని సంగీత నగరంగా గుర్తించింది. 2018లో రెగేను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ రెండు గుర్తింపుల బరువునూ మోసేది అసలు ఏ ఇల్లు?

హోప్ రోడ్డు ఇల్లు పందొమ్మిదో శతాబ్దపు మేడ. చుట్టూ చెట్లు, ముందు విశాలమైన ఆవరణ, అందులో గిటారు పట్టిన మార్లే విగ్రహం. ఐలాండ్ రికార్డ్స్ అధిపతి క్రిస్ బ్లాక్‌వెల్ నుంచి 1970ల నడుమ ఇది మార్లే చేతికి వచ్చింది. ఇక్కడే సాధన, ఇక్కడే రికార్డింగు, ఆవరణలోనే ఫుట్‌బాల్. 1981 మే 11న, ముప్పై ఆరేళ్లకే, ఆయన మయామీలో కన్నుమూశాక భార్య రీటా మార్లే దీన్ని మ్యూజియంగా మార్చారు. సందర్శకులను జట్లుగా లోపలికి తీసుకెళ్తారు, లోపల ఫోటోలు తీయనివ్వరు. గోడల మీద బంగారు, ప్లాటినం రికార్డుల ఫలకాలు. ఒక గదిలో ప్రపంచ పత్రికల కత్తిరింపులు. వంటగదిలో ఆయన పళ్లరసం తీసుకున్న మిక్సీ అలాగే ఉంది.

వెనకవైపు గది దగ్గర గైడు గొంతు తగ్గుతుంది. 1976 డిసెంబర్ 3 రాత్రి సాయుధులు ఈ ఇంట్లోకి చొరబడి కాల్పులు జరిపారు. మార్లేకు, రీటాకు, మేనేజర్ డాన్ టేలర్‌కు తూటాలు తగిలాయి. గోడలో ఆ రంధ్రాలను పూడ్చకుండా ఉంచారు. రెండు రోజుల తర్వాత, డిసెంబర్ 5న, నేషనల్ హీరోస్ పార్కులో ‘స్మైల్ జమైకా’ సభలో గాయంతోనే ఆయన పాడాడు. ఆ గోడ ముందు నిలబడ్డప్పుడు మా జట్టులో ఎవరూ మాట్లాడలేదు. ఈ మ్యూజియం తన పని పూర్తిగా చేసిన చోటు అదొక్కటే అనిపించింది.

మిగతా చోట్ల నాకు తృప్తి కలగలేదు. కీర్తి ఉంది, కీర్తికి ముందున్నది లేదు. పన్నెండేళ్ల పల్లెటూరి పిల్లాడు శ్రుతి పట్టడం ఎక్కడ నేర్చుకున్నాడు, పక్కన పాడిన పీటర్ టోష్, బన్నీ వెయిలర్ గొంతులు అతని గొంతును ఎలా మలిచాయి, బాస్ గిటారు పాటకు వెన్నెముకగా ఎప్పుడు మారింది? ఆ ఫలకాల మధ్య వీటికి జవాబు దొరకదు. టోష్, బన్నీ ఫోటోల్లో ఉన్నారు, కథలో లేరు. వ్రతం ఎలా చేశారో చెప్పకుండా ఫలశ్రుతి చదివి ప్రసాదం పంచినట్టుంది.

ట్రెంచ్ టౌన్‌లో ఆ వ్రతవిధానం ఉంది.

ముందు ‘యార్డ్’ అన్న మాట సంగతి. దీన్ని పెరడు అనుకుంటే పొరపాటు. మన మండువా లోగిలిని గుర్తు తెచ్చుకోండి: నడుమ వాకిలి, చుట్టూ గదులు. అయితే మండువాలో ఒక ఇంటివాళ్లే ఉంటారు. ఇక్కడ గదికో కుటుంబం. వంటిల్లు ఉమ్మడి, కుళాయి ఉమ్మడి, మరుగుదొడ్డీ ఉమ్మడే. 1940లలో ప్రభుత్వమే పేదల కోసం ఇలాంటి యార్డులు కట్టించింది. 1951 తుపానులో ఇళ్లు పోగొట్టుకున్నవాళ్ల కోసం మళ్లీ కట్టారు. సెయింట్ ఆన్ కొండల్లోని నైన్ మైల్ పల్లె నుంచి తల్లి సెడెల్లాతో మార్లే వచ్చి పడింది ఈ పేటలోనే.

ఈ వాకిట్లో నిలబడితే ఒక సంగతి చెవికే తెలుస్తుంది. పక్క గదిలో దగ్గితే ఇక్కడ వినిపిస్తుంది. ఇలాంటి చోట ఒంటరిగా పాడుకోవడం కుదరదు. ఒకరు పల్లవి ఎత్తితే ఇంకొకరు పై స్థాయిలో అందుకుంటారు, మూడో మనిషి కింద నుంచి పడతాడు. మార్లే, టోష్, బన్నీల బృందం వెయిలర్స్‌లో ముగ్గురి గొంతులూ అలా అల్లుకోవడం నేర్చింది ఈ పేటలోనే. నేర్పినవాడు జో హిగ్స్, అప్పటికే పేరున్న గాయకుడు. థర్డ్ స్ట్రీట్‌లోని తన యార్డులో పేట కుర్రాళ్లను కూర్చోబెట్టి, పైసా తీసుకోకుండా, గొంతు గొంతుకూ విడివిడిగా సాధన చేయించాడు. జంకు పోవాలని రాత్రిపూట శ్మశానంలో పాడించేవాడని ఇప్పటికీ చెబుతారు. హిగ్స్ పేరు మన దగ్గర ఎంతమందికి తెలుసు? హోప్ రోడ్డు నుంచి బయటికొచ్చేటప్పటికి నాకూ తెలియదు. ఫస్ట్ స్ట్రీట్ గైడు మొదటి అయిదు నిమిషాల్లోనే ఆ పేరు ఎత్తాడు.

కల్చర్ యార్డ్‌లో చూపించే సామాన్లు తక్కువ. ఒక ఇరుకు గది, అందులో ఒంటి మంచం. పాత గిటారు. వాకిట్లో తుప్పు పట్టి టైర్లు లేని వోక్స్‌వ్యాగన్ వ్యాను. మార్లేకు గిటారు మెట్లు చూపించిన విన్సెంట్ ఫోర్డ్ ఉన్నది ఈ యార్డులోనే. అందరూ ‘టాటా’ అనేవారు. వంటింటి పొయ్యి దగ్గర నలుగురికీ వండి పెట్టేవాడు. 1974లో వచ్చిన ‘నాటీ డ్రెడ్’ ఆల్బమ్‌లోని ‘నో ఉమన్, నో క్రై’ పాటకు రచయితగా ఉన్నది ఆయన పేరే. నిజంగా ఆయనే రాశాడా, మార్లే రాసి స్నేహితుడి పేరు పెట్టాడా అన్న తగువు కోర్టుల దాకా వెళ్లింది. ఆ పాట హక్కుల డబ్బుతో ఫోర్డ్ పేటలో ఆకలిగా ఉన్నవాళ్లకు అన్నం పెట్టాడన్నది ట్రెంచ్ టౌన్‌లో పదేపదే వినిపించే మాట. ఆయన 2008లో పోయాడు.

ఆ పాటను నేను కాలేజీ రోజుల నుంచి వింటున్నాను. ప్రేయసిని ఓదార్చే పాట అనుకునేవాణ్ని. అందులో వచ్చే ప్రభుత్వ యార్డు, రాత్రి నెగడు, పంచుకు తాగే మొక్కజొన్న జావ కవి కల్పించిన పోలికలని నమ్మాను. ఈ వంటింటి ముందు నిలబడ్డాకే అవన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పినవని అర్థమైంది. అంబలి తాగి పెరిగిన ఇళ్లు మనకూ ఉన్నాయి గనుక ఆ జావ సంగతి మనకు ఇంకొకరు వివరించనక్కర్లేదు. పాటను తన అసలు అర్థానికి తిరిగి చేర్చడం, వారసత్వ స్థలం చేయగల పెద్ద మేలు అదే. ఈ పని ఫస్ట్ స్ట్రీట్ చేసింది, హోప్ రోడ్డు చేయలేదు.

రాస్తఫారీ మతం విషయంలోనూ ఇదే తేడా. హోప్ రోడ్డులో హైలే సెలాసీ చిత్రాలున్నాయి. కానీ మార్లేకు ఆ మార్గం బోధించిన మోర్టిమర్ ప్లానో ట్రెంచ్ టౌన్ మనిషి. 1966 ఏప్రిల్ 21న ఇథియోపియా చక్రవర్తి సెలాసీ విమానం దిగుతుంటే జనం రన్‌వే మీదికి దూసుకొచ్చారు. ఆ జనసంద్రాన్ని శాంతపరిచి ఆయన్ను కిందికి దింపడానికి విమానం మెట్లెక్కినవాడు ప్లానోయే. మేడలో మతం గోడకు వేలాడుతోంది, పేటలో మనుషుల మధ్య తిరిగిన దారి కనిపిస్తోంది.

రాస్తాలు పవిత్రంగా చూసే మొక్కను రెండుచోట్లా ‘గాంజా’ అనే అన్నారు. ఆ మాట ఇక్కడికి మన దేశం నుంచే వచ్చింది. 1845 మే 10న బ్లండెల్ హంటర్ అనే ఓడ భారతీయ కూలీలను ఓల్డ్ హార్బర్ బేలో దింపింది. తర్వాతి డెబ్బై ఏళ్లలో చెరకు తోటలకు వచ్చినవాళ్లు సుమారు 36 వేలు. మన నోట గంజాయి, వాళ్ల నోట గాంజా. నాకు కథ చెప్పిన గైడ్లు ఇద్దరిలో ఎవరూ ఈ సంగతి ఎత్తలేదు. చెరకు కూలీలకూ రెగేకూ నడుమ ఉన్న ఈ చిన్న తాడును రెండిళ్లూ వదిలేయడం నాకు బాధ కలిగించింది.

యార్డ్‌లో లోపాలు లేవని అనను. వస్తువుల పక్కన సరైన వివరాలు లేవు. ఎండకూ వానకూ కొన్ని పాడైపోతున్నాయి. అంతా గైడు నోటి మీదే నడుస్తుంది, మంచి గైడు దొరికితే అదృష్టం. జాతీయ వారసత్వ స్థలంగా ప్రకటించిన చోటుకు ఇంతకంటే ఎక్కువ ఆదరణ ఉండాలి. ఇంకో ఇబ్బంది చూసేవాడి వైపు నుంచి వస్తుంది. గోడకు అవతల మనుషులు ఇప్పటికీ కాపురముంటున్నారు, బట్టలు ఆరేస్తున్నారు, పిల్లలు బడి నుంచి వస్తున్నారు. వాళ్ల బీదతనాన్ని ఫోటో తీసుకుపోవడానికి వచ్చామా అన్న ప్రశ్న నన్నూ తాకింది. అయితే ఈ యార్డును నడిపేది పేటవాళ్లే, టికెట్టు డబ్బు చేరేదీ వాళ్లకే. కెమెరా లోపల పెట్టి చెవులు తెరిచి నిలబడితే ఇక్కడ అతిథికి అమర్యాద ఉండదు.

బయటికొచ్చాక డ్రైవరు కారును నెమ్మదిగా పోనిచ్చి, ఖాళీగా పడి ఉన్న వీధుల వైపు చూపించాడు. 1970లలో రెండు పార్టీల ముఠాల మధ్య చిక్కి ఆ ఇళ్లు నేలమట్టమయ్యాయి. ఆ జాగాకు ‘నో మ్యాన్స్ ల్యాండ్’ అనే పేరు మిగిలింది. 1980 ఎన్నికల ఏడాది హింసలో దేశమంతటా ఎనిమిది వందల మందికి పైగా చనిపోయారు. 1978 ఏప్రిల్ 22న వన్ లవ్ పీస్ కన్సర్ట్ వేదిక మీదికి ఆ రెండు పార్టీల నాయకులు మైకేల్ మాన్లీని, ఎడ్వర్డ్ సియాగాను పిలిచి మార్లే వాళ్ల చేతులు కలిపిన దృశ్యం హోప్ రోడ్డులో గొప్పగా వివరిస్తారు. ఆ చేతులు ఎందుకు కలపాల్సి వచ్చిందో ఈ మొండిగోడలు చూసినవాడికే తెలుస్తుంది.

ఆ ఖాళీ వీధుల పక్కనే కాలీ స్మిత్ పేరు మీద రోడ్డు ఉంది. 1958-59లో భారతదేశం వచ్చిన వెస్టిండీస్ జట్టులో ఆడిన స్మిత్ ఇదే పేట కుర్రాడు. ఆ పర్యటన ముగిసిన ఏడాదే ఇంగ్లండ్‌లో కారు ప్రమాదంలో పోయాడు. మన క్రికెట్ పెద్దవాళ్లు ఎవరైనా వెళ్తే ఆ బోర్డు దగ్గర ఒక్క నిమిషం ఆగుతారు.

ఇన్ని చెప్పాక హోప్ రోడ్డుకు న్యాయం చేయాలి. ఆ ఇంటి విలువ గోడల లోపల ఉన్నదానికన్నా దాని చిరునామాలో ఎక్కువ ఉంది. హోప్ రోడ్డు గవర్నర్ జనరల్ నివాసం, ప్రధానమంత్రి కార్యాలయం ఉన్న దారి. 1881లో జార్జ్ స్టీబెల్ డెవన్ హౌస్ కట్టించిందీ ఈ దారిలోనే. వెనిజులా బంగారు గనుల్లో సంపాదించి జమైకాలో తొలి నల్లజాతి కోటీశ్వరుల్లో ఒకడైన స్టీబెల్ ఇంటిని చూడలేక గవర్నరు భార్య తన కోసం వేరే రోడ్డు వేయించుకుందని అక్కడ కథగా చెప్పుకుంటారు. తొంభై ఏళ్ల తర్వాత అదే రోడ్డు మీద, జటలు కట్టిన రాస్తా ఒకడు ట్రెంచ్ టౌన్ స్నేహితులందరినీ వెంటబెట్టుకుని కాపురం పెట్టాడు. ఈ సాహసం ఎంతటిదో పొద్దున నాకు అందలేదు. సాయంత్రం ఒంటి మంచం గది చూశాకే అందింది. అప్పటికి హోప్ రోడ్డు టికెట్టు అయిపోయింది.

అందుకే వరస మారాలి అంటున్నాను. ఒంటి మంచం నుంచి మేడకు వెళ్తే కథ పెరుగుతుంది. మేడ నుంచి మంచానికి వస్తే ట్రెంచ్ టౌన్ అనుబంధంగా, పాపం పేదవాడి చిన్నతనంగా మిగిలిపోతుంది.

మిగిలిన సమయం దేనికివ్వాలో కూడా చెబుతాను. మా కాగితంలో ఆరెంజ్ స్ట్రీట్ కారులోంచి చూసి వెళ్లిపోయే చోటు. స్కా గాయకుడు ప్రిన్స్ బస్టర్ రికార్డుల దుకాణం నడిపిన వీధి అది. రెగే గాయకుడు డెనిస్ బ్రౌన్ పెరిగిన వీధి కూడా. ఆయన సమాధి నేషనల్ హీరోస్ పార్కులో మార్కస్ గార్వే ఉన్న నేలలోనే ఉంది. రికార్డుల నిర్మాత కాక్సన్ డాడ్ స్టూడియో వన్ ఉన్న బ్రెంట్‌ఫర్డ్ రోడ్డును 2004లో స్టూడియో వన్ బులెవార్డ్ అని పిలవడం మొదలుపెట్టారు. వెయిలర్స్ తొలి హిట్ రికార్డయింది అక్కడే. సౌత్ క్యాంప్ రోడ్డులోని ఆల్ఫా బడి మా కాగితంలో లేనే లేదు. దిక్కులేని మగపిల్లలకు బ్యాండు నేర్పిన బడి అది. డాన్ డ్రమండ్, టామీ మెకుక్, జానీ మూర్, లెస్టర్ స్టెర్లింగ్, నలుగురూ అక్కడి పిల్లలే, నలుగురూ 1964లో స్కాటలైట్స్ బృందంలో కలిశారు. ఆ పిల్లల్ని కడుపులో పెట్టుకు చూసిన సిస్టర్ మేరీ ఇగ్నేషియస్ తన రికార్డులు వాళ్లకు వినిపించి చెవులు తీర్చిదిద్దింది. జో హిగ్స్, సిస్టర్ ఇగ్నేషియస్, ఈ ఇద్దరు గురువుల చోట్లూ లేని కింగ్‌స్టన్ సంగీత యాత్ర నా దృష్టిలో అసంపూర్ణమే.

కింగ్‌స్టన్‌లో మీకు ఒక్క రోజే ఉంటే కారు మాట్లాడుకునేటప్పుడే చెప్పండి. పొద్దున ఎండ ముదరక ముందే ఫస్ట్ స్ట్రీట్, కనీసం రెండు గంటలు. అక్కడి నుంచి ఆల్ఫా, ఆరెంజ్ స్ట్రీట్. హోప్ రోడ్డులో ఆ రోజు చివరి జట్టు ఎన్నింటికి లోపలికి వెళ్తుందో ముందే కనుక్కుని, దాంట్లో చేరండి.