మొదటి మనిషి తర్వాత

2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌కి క్రికెట్ తిరిగొస్తోందని మనమంతా సంబరపడ్డాం. 2023లో ముంబయిలో ఆ నిర్ణయం జరిగిన సమావేశమే లాక్రాస్‌కీ చోటిచ్చింది. ఆ ఆట పేరు చూడగానే నాకు గుర్తొచ్చిన మనిషి టీనా స్లోన్ గ్రీన్. ఈ వారం ఆమె గురించే.

ముందు ఆట సంగతి. కర్ర చివర చిన్న వల ఉంటుంది. బంతిని అందులో పట్టి, జారిపోకుండా కర్రను అటూ ఇటూ ఊపుతూ పరుగెత్తాలి. ఆడవాళ్ల ఆటలో ఆ వలకు లోతు తక్కువ. మణికట్టు లయ తప్పిందా, బంతి నేలమీదే. ఎదుటివాళ్లను ఢీకొట్టి లాక్కునే వీలు లేదు గనక చేతి నేర్పు, కాలి వేగమే ఆధారం. చూపిస్తే తప్ప, పక్కన నిలబడి పదేపదే సరిదిద్దితే తప్ప పట్టుబడని విద్య ఇది.

ఉత్తర అమెరికా మూలవాసులు కన్న ఆట ఇది. మహిళల లాక్రాస్ మాత్రం 1890లో స్కాట్లండ్‌లోని సెయింట్ లియొనార్డ్స్ బాలికల పాఠశాలలో మొదలై, 1926లో బాల్టిమోర్‌లోని బ్రిన్ మార్ పాఠశాలకు చేరింది. అలా అమెరికాలో అది ఎక్కువగా కలవారి ప్రైవేటు బడుల మైదానాల్లో పెరిగింది. ఫిలడెల్ఫియాలో పుట్టిన ఒక నల్లజాతి అమ్మాయి చేతికి ఆ కర్ర రావడం అంత తేలికైన విషయం కాదు.

టీనా చదివింది ఆ ఊరి ప్రభుత్వ బడిలో, గర్ల్స్ హైస్కూల్లో. ఆ తర్వాత వెస్ట్ చెస్టర్ కాలేజీ. అక్కడ 1966లో పట్టా అందుకుని, కొద్ది ఏళ్లకే అమెరికా మహిళల జాతీయ లాక్రాస్ జట్టులో ఆడారు. ఆ జట్టులో ఆడిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ ఆమే. ఆమె గురించి రాసేవాళ్లు చాలామంది ఈ 'తొలి' దగ్గరే ఆగిపోతారు. నాకది సగం కథే అనిపిస్తుంది. ఎవరూ వెళ్లని చోటికి ఒకరు వెళ్లడం గొప్పే. అయితే వాళ్ల వెనక రెండో మనిషి, పదో మనిషి రాకపోతే ఆ గొప్పతనం ఒంటరిగా మిగిలిపోతుంది.

ఆమె ఆ వెనకవాళ్ల పని పట్టుకున్నారు. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో మహిళల లాక్రాస్ కోచ్ అయ్యారు. కాలేజీ మహిళల లాక్రాస్‌లో ప్రధాన కోచ్ అయిన తొలి నల్లజాతి మహిళ కూడా ఆమే. ప్రభుత్వ నిధులతో నడిచే చదువుల్లో ఆడా మగా తేడా చూపకూడదని 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. చట్టం తలుపు తీయగలదు గానీ మణికట్టుకు లయ నేర్పలేదు కదా. ఆ పని కోచ్‌దే. టెంపుల్ జట్టు 1982లో, 1984లో, 1988లో జాతీయ విజేత అయింది. 1988లోనైతే ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఆడి గెలవడం కన్నా, ఏటేటా పాతవాళ్లు చదువు ముగించి వెళ్లిపోతుంటే కొత్త చేతులతో మళ్లీ మళ్లీ గెలిపించడం కష్టమని నా నమ్మకం.

1992లో కోచింగ్ వదిలాక ఆమె విశ్రాంతి తీసుకోలేదు. అదే ఏడు ఆల్ఫా అలెగ్జాండర్, లిండా గ్రీన్, టెంపుల్‌లోనే కత్తిసాము కోచ్‌గా ఉన్న నిక్కీ ఫ్రాంకీలతో కలిసి బ్లాక్ విమెన్ ఇన్ స్పోర్ట్ ఫౌండేషన్ స్థాపించారు. నల్లజాతి ఆడపిల్లలను ఆటల్లోకి తేవడం దాని పని. ఆడించడం ఒక్కటే కాదు, కోచ్‌లుగా, ఆటల నిర్వాహకులుగా ఎదిగేలా చూడటం కూడా. నాకు ఎక్కువ నచ్చేది ఈ రెండో భాగం. జట్టులో ఎవరుండాలో నిర్ణయించే కుర్చీలోకి ఆ పిల్లలు చేరేదాకా పని పూర్తయినట్టు ఆమె అనుకోలేదు. 1997లో జాతీయ లాక్రాస్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెను చేర్చుకుంది. కూతురు ట్రేసీ గ్రీన్ లాక్రాస్ వైపు రాలేదు, టెన్నిస్ ఆడింది. 2007లో హార్వర్డ్ మహిళల టెన్నిస్ జట్టుకు ప్రధాన కోచ్ అయింది.