గాలి పోకడ పట్టేవాళ్లు

జూలైలో హుస్సేన్‌సాగర్ మీద తెరచాప పడవల పోటీలు జరుగుతుంటే ట్యాంక్‌బండ్ మీది జనమంతా పడవల్నే చూస్తారు. నా చూపు మాత్రం రేస్ ఆఫీసరు మీదకు పోతుంది. చేతిలో ఫోను, అందులో గాలి సూచన. అయినా ఆయన తలెత్తి జెండా చూస్తాడు, నీటిమీద నల్లగా పాకి వచ్చే గరుకు మచ్చ చూస్తాడు. అప్పుడుగానీ మలుపుల దగ్గర తేలే నారింజ గుర్తులు వేయించడు.

సూచన తప్పని కాదు. పేరున్న ఐరోపా వాతావరణ నమూనా కూడా భూమిని సుమారు 9 కిలోమీటర్ల గళ్లుగా కోసి లెక్క కడుతుంది. మన సాగర్ అలాంటి గడి ఒక్కదానిలో ఇమిడిపోయేంతే. ఒడ్డున భవనాలు గాలిని విరిచే తీరు ఆ లెక్కకు అందదు. పైగా అది మామూలుగా చెప్పేది 10 మీటర్ల ఎత్తున సగటు గాలి. చిన్న పడవను బోల్తా కొట్టించేది సగటు కాదు, విసురు.

అయినా నైరుతి నిలదొక్కుకున్నాక పడమటి గాలిని ముందురోజే చెప్పేస్తారే, ఆ పనితనానికి దండం పెట్టొచ్చు. వేసవి సాయంత్రాల సంగతి వేరు. వాన ఎక్కడో పడుతుంది, దాని చల్లగాలి చుట్టూ చిమ్మి ఇక్కడికొచ్చి విరుచుకుపడుతుంది. గంట చెప్పమంటే ఎవరు చెబుతారు? అలాంటప్పుడు ఈదురుగాలులకు అవకాశం ఉందని మాత్రమే రాసే నిజాయితీ నాకు నచ్చుతుంది.

అదిగో, ఎరుపు తెలుపు చారల వాయిదా జెండా లేచింది. గాలి కాస్త ఉత్తరానికి మళ్లిందట. నారింజ గుర్తును మళ్లీ లాక్కెళ్తున్నారు.